‘తాజ్‌దారే హరం’ ఎవరిది? కొత్త గొంతుల్లో పాత ఉర్దూ పాటలు

‘తాజ్‌దారే హరం’ ఎవరు పాడారని ఇంట్లో అడిగి చూడండి. కాలేజీ పిల్లలు ఆతిఫ్ అస్లమ్ అంటారు. అబ్బా తరం వాళ్లు సాబ్రీ బ్రదర్స్ అంటారు. పక్కన నానా కూడా ఉంటే క్యాసెట్ల రోజుల దగ్గర మొదలుపెడతారు, ఇక ఆ పూటకి వేరే మాట ఉండదు. ఎవరి జవాబూ తప్పు కాదు. కానీ ‘భర్ దో ఝోలీ’ రాసిందెవరు, ‘ఆజ్ జానే కీ జిద్ న కరో’ రాసిందెవరు అని అడిగితే మాత్రం మూడు తరాలూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటాయి.

పాట మళ్లీ మళ్లీ పాడితే గొంతు మారుతుంది, వాయిద్యాలు మారతాయి. అదేం నష్టం కాదు. అసలు చూడాల్సింది మాట ఏమైందన్నది. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. ఇంట్లో మాట్లాడతారు, బయాన్‌లో వింటారు, మిగతా ఉర్దూ అంతా పాటల్లోంచే చెవిన పడుతుంది. కొత్త పాటలో ఒక మాట మారిందంటే వాళ్లకి అదే అసలు మాట అయిపోతుంది.

సంగీతం వినడం మీద ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ లేదు. వినే ఇళ్లలో వింటున్న పాటల గురించే ఇదంతా.

ముందు ఒక చిన్న తేడా గుర్తుపెట్టుకోవాలి. ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు అవే మాటలతో, అదే బాణీతో తిరిగి పాడితే అది కవర్. పల్లవి ఉంచుకుని చరణాలు కొత్తగా రాయించుకుంటే అది కవర్ కాదు, సినిమావాళ్లు రీక్రియేషన్ అంటున్నది అదే. జనం రెండింటినీ కలిపి ‘కొత్త వెర్షన్’ అనేస్తారు. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఖవ్వాలీలో ‘అసలు పాట’ ఏది?

ఖవ్వాలీకి ఈ కొలత సరిగ్గా సరిపోదు. హజ్రత్ అమీర్ ఖుస్రో కలామ్‌ను ఏడు వందల ఏళ్లుగా ఎన్ని ఘరానాల వాళ్లు పాడారో లెక్క లేదు. హైదరాబాద్ వార్సీ బ్రదర్స్ నజీర్ అహ్మద్ ఖాన్, నసీర్ అహ్మద్ ఖాన్ ‘మన్ కుంతో మౌలా’ పాడితే దాన్ని కవర్ అని ఎవరూ అనరు. వాళ్ల తాత, పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పాడినప్పుడూ అనలేదు. కలామ్ అందరిదీ. పాడే తీరు మాత్రమే ఆ ఇంటిది.

పైగా ఖవ్వాలీలో ‘గిరహ్’ అనే పద్ధతి ఉంది. గిరహ్ అంటే ముడి. ఒక కలామ్ పాడుతూ మధ్యలో సందర్భానికి తగిన మరో కవి షేర్ తెచ్చి ముడివేసి, మళ్లీ మొదటి పాదానికి వచ్చేస్తారు. అందుకే ఒకే ఖవ్వాలీ ఒక రోజు పది నిమిషాలు ఉంటే ఇంకో రోజు అరగంట సాగుతుంది. ఒక ఖవ్వాలీలో ఇద్దరు ముగ్గురు కవులు ఉండటం మామూలే.

‘తాజ్‌దారే హరం’ను ఇంటింటికీ చేర్చింది సాబ్రీ బ్రదర్స్. గులామ్ ఫరీద్ సాబ్రీ, మఖ్బూల్ అహ్మద్ సాబ్రీ ఇప్పటి హర్యానాలోని కల్యాణా ఊరివాళ్లు. విభజన తర్వాత కుటుంబం కరాచీ చేరింది. 1975లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడారు. పెద్దాయనది బరువైన గొంతు, చిన్నాయనది పైకి ఎగిరే గొంతు. ఒకరు నేల పరుస్తుంటే ఇంకొకరు దాని మీద నడిచినట్టు ఉంటుంది. ఈ పాటలో ఉర్దూతో పాటు పూర్బీ, ఫార్సీ, అరబీ మాటలు వచ్చి చేరతాయి. ఒక పాదాన్ని పట్టుకుని, చప్పట్ల మీద దాన్నే తిప్పి తిప్పి, వినేవాడి కళ్లు చెమర్చే దాకా వదలరు.

2015లో కోక్ స్టూడియో పాకిస్తాన్ 8వ సీజన్‌లో ఆతిఫ్ అస్లమ్ దీన్ని సాబ్రీలకు నివాళిగా పాడాడు. మెల్లగా, దాదాపు తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టి పది నిమిషాల్లో పై స్థాయికి తీసుకెళ్తాడు. యూట్యూబ్‌లో 10 కోట్ల వీక్షణలు ఎప్పుడో దాటేశాయి. ఇందులో తిప్పి తిప్పి పాడటం తక్కువ, ఒక్కో పాదం దగ్గర ఆగేది కొంచెమే. మహ్ఫిల్‌లో కాళ్లు మడుచుకుని కూర్చున్నవాళ్ల కోసం సాబ్రీలు పాడితే, బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడి కోసం ఆతిఫ్ పాడాడు. సాబ్రీల లోతు ఇందులో లేదని పెద్దవాళ్లు అనేది నిజమే. అయినా ఇది మంచి కవరే. ఎందుకంటే విన్నపం ఎవరికి చేసుకుంటున్నామన్నది మారలేదు. మదీనా వైపు తిరిగి చేసిన విన్నపం అలాగే ఉంది. ఈ పాట విన్నాకే సాబ్రీల రికార్డు వెతుక్కుని విన్న పిల్లలు ఉన్నారు.

అదే ఏడాది వచ్చిన ‘బజ్రంగీ భాయీజాన్’ సినిమాలోని ‘భర్ దో ఝోలీ’ కథ వేరు. అసలు కలామ్ పుర్నమ్ ఇలాహాబాదీది, పాడింది సాబ్రీ బ్రదర్స్. అది మహాప్రవక్త (స) దర్బారులో జోలె పట్టుకుని నిలబడిన బిచ్చగాడి ఫరియాద్. సినిమాలో అద్నాన్ సమీ పాడారు, సంగీతం ప్రీతమ్. పల్లవి అదే ఉంది. చరణాలు కౌసర్ మునీర్ కొత్తగా రాశారు, తప్పిపోయిన పిల్ల కథకు తగ్గట్టు. కశ్మీర్‌లోని ఐష్‌ముఖామ్ దర్గాలో చిత్రీకరించారు. పాట వినడానికి బాగుంటుంది, సినిమాలో అతుకుతుంది కూడా. అయితే అనుమతి విషయంలో పాకిస్తాన్‌లోని మ్యూజిక్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. గులామ్ ఫరీద్ కొడుకు అమ్జద్ సాబ్రీ కూడా అడిగారు. ఆ అమ్జద్ సాబ్రీని 2016 జూన్ 22న, రమజాన్ నెలలో, కరాచీలో కాల్చి చంపారు. రాహత్ ఫతే అలీ ఖాన్‌తో కలిసి ఆయన పాడిన ‘ఆజ్ రంగ్ హై’ కోక్ స్టూడియోలో ఆయన పోయాకే వచ్చింది. తండ్రి పాటల వారసత్వం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ వీడియో వినాలి.

నుస్రత్ పాటల దగ్గర ఒక పొరపాటు తరచూ వినపడుతుంది. ‘ఆఫ్రీన్ ఆఫ్రీన్’ను పాత సూఫీ కలామ్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు. 1996లో వచ్చిన ‘సంగమ్’ ఆల్బమ్ కోసం జావేద్ అఖ్తర్ రాసిన పాట అది. 2016లో రాహత్, మోమినా ముస్తెహ్సన్ పాడినప్పుడు మోమినా కోసం కొత్త పాదాలు చేర్చారు. మొదటి పాటలో పొగిడే గొంతు ఒక్కటే, ఇక్కడ ఎదుటి మనిషికి కూడా నోరొచ్చింది. ఆ మార్పు బాగుంది.

‘మేరే రష్కే ఖమర్’ ఫనా బులంద్‌షహ్రీ రచన. 2017లో ‘బాద్‌షాహో’ సినిమా కోసం మనోజ్ ముంతషిర్ కొత్త మాటలు కలిపారు. రష్కే ఖమర్ అంటే చందమామకే అసూయ పుట్టించే అందం. ఇక్కడ ఒక్క అక్షరంతోనే పెద్ద చిక్కు. ఆ మాటలో ఉన్నది ‘ఖాఫ్’, గొంతు లోపలి నుంచి పలకాలి. కొత్త గాయకులు కొందరు దాన్ని మామూలు ‘క’ చేసేస్తున్నారు. అప్పుడది ‘కమర్’, అంటే నడుము. చందమామ కాస్తా నడుముకి దిగిపోయింది! మన దక్కనీలో ఖాఫ్ ఏనాడో ‘ఖ’ అయిపోయింది కాబట్టి, నవ్వడానికి మనకీ పెద్ద హక్కు లేదనుకోండి.

కవరే అసలుదైపోయిన పాట

కవర్ వచ్చి అసలు పాటను ఎంతగా మరిపిస్తుందో తెలియాలంటే ‘ఆజ్ జానే కీ జిద్ న కరో’ చూడాలి. అడిగితే తొంభై మంది ఇది ఫరీదా ఖానుమ్ గజల్ అంటారు. ఇది 1973లో వచ్చిన పాకిస్తానీ సినిమా ‘బాదల్ ఔర్ బిజ్లీ’ పాట. రాసింది ఫయ్యాజ్ హాష్మీ, బాణీ కట్టింది సుహేల్ రాణా, పాడింది హబీబ్ వలీ ముహమ్మద్.

హబీబ్ వలీ ముహమ్మద్ రంగూన్‌లో పుట్టిన మేమన్ వ్యాపార కుటుంబం మనిషి. అమెరికాలో ఎంబీఏ చేశారు. పాట ఆయనకు వృత్తి కాదు, వ్యాపారం చూసుకుంటూ పాడారు. ఫయ్యాజ్ హాష్మీ కలకత్తా మనిషి. తలత్ మహమూద్‌కు పేరు తెచ్చిన ‘తస్వీర్ తేరీ దిల్ మేరా’ రాసింది కూడా ఆయనే. ఇంత పెద్ద పాటలు రెండు రాసిన కవి పేరు ఎంతమందికి తెలుసు?

మొదటి పాట సినిమా పాటలాగే ఉంటుంది. వాద్యబృందం ఉంది, తాళం తన దారిన తాను నడుస్తుంది, గొంతు మర్యాదగా దాని వెంట నడుస్తుంది. అతను అడుగుతున్నాడు, అంతే. ఫరీదా ఖానుమ్ చేసింది ఏమిటంటే, ఆ నడక ఆపేశారు. పటియాలా ఘరానా తాలీమ్ ఉన్న గాయని ఆమె. హార్మోనియం, తబలా పెట్టుకుని పాటను బాగా నెమ్మది చేసి, మాటల మధ్య ఊపిరికి చోటు ఇచ్చారు. లేచి వెళ్లబోతున్న మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, ఆ మనిషిని ఆపడానికి ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. మాట మారలేదు, బాణీ మారలేదు. యమన్ రాగం ఛాయలు అలాగే ఉన్నాయి. మన కర్ణాటక సంగీతంలో కల్యాణి అనుకోవచ్చు. మారింది నిదానం ఒక్కటే. ఆ నిదానంలో సినిమా పాట కాస్తా గజల్ పేరు తెచ్చుకుంది. రూపం ప్రకారం చూస్తే అది గజల్ కాదు, గీతం.

మగవాడు పాడిన పాట స్త్రీ గొంతులో ఎలా ఒదిగిందన్నదానికి ఉర్దూ వ్యాకరణం కూడా సాయం చేసింది. ఈ పాటలో పాడేవాళ్లు తమ గురించి ‘హమ్’ అని చెప్పుకుంటారు. ‘హమ్’తో క్రియ ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేలా నడిచిపోతుంది. ఇక ఎదుటి మనిషిని, ప్రియురాలైనా సరే, పుంలింగంలో పిలవడం ఉర్దూ కవిత్వంలో ఆనవాయితీ. అందుకే ఒక్క అక్షరం మార్చకుండా ఎవరు పాడినా అది వాళ్ల పాటే అనిపిస్తుంది. ఆశా భోంస్లే పాడారు, ‘ఏ దిల్ హై ముష్కిల్’ కోసం శిల్పా రావు పాడారు. 2015లో వయసు మీద పడ్డాక ఫరీదా ఖానుమ్ స్వయంగా కోక్ స్టూడియోకి వచ్చి మళ్లీ పాడారు. గొంతు అక్కడక్కడా వణికింది. వెళ్లొద్దని అడగడం ఆ వయసులో వేరేగా వినపడుతుంది. ఆ వీడియో ముందు మిగతా కవర్లన్నీ చిన్నబోయాయి.

ఫరీదా ఖానుమ్ దగ్గర నేర్చుకున్న అలీ సేఠీ 2017లో కోక్ స్టూడియోలో ‘రంజిష్ హీ సహీ’ పాడాడు. మెహదీ హసన్‌కు నివాళి అది. అహ్మద్ ఫరాజ్ గజల్‌కు నిసార్ బజ్మీ బాణీ కట్టగా, 1972లో ‘మొహబ్బత్’ సినిమాకు మెహదీ హసన్ పాడారు. రాజస్థాన్‌లోని లూణా ఊళ్లో పుట్టి, విభజన తర్వాత సైకిల్ షాపులో పంక్చర్లు వేసి, మెకానిక్ పని చేసి పైకొచ్చిన మనిషి ఆయన. సినిమా పాటను మహ్ఫిళ్లలో పెంచి పెంచి పెద్ద గజల్ చేశారు. అలా పెంచుతూ తాలిబ్ బాగ్‌పతీ షేర్లు రెండు అందులో కలిపారు. ఇప్పుడు వాటిని కూడా ఫరాజ్ ఖాతాలోనే వేస్తున్నారు. ఫరాజ్ పుస్తకం తెరిస్తే అవి కనపడవు. ఖవ్వాలీలో గిరహ్ అయితే వినేవాళ్లకి తెలిసేది. రికార్డు మీద గాయకుడి పేరు, ఒక కవి పేరు మాత్రమే ఉండటంతో రెండో కవి మునిగిపోయాడు. అలీ సేఠీ పాట సంగతికొస్తే, గురువుల ముందు కూర్చున్న పిల్లాడి అదబ్ అందులో కనపడుతుంది. కొత్తదనం కోసం పాకులాడలేదు. అదే దాని గుణం, కొంచెం లోపం కూడా.

ఫైజ్ గజల్ ‘గులోఁ మే రంగ్ భరే’ది ఇంకో రకం ప్రయాణం. ఫైజ్ దీన్ని 1954లో మాంట్‌గోమరీ జైల్లో రాశారు. మెహదీ హసన్ గొంతులో అది వసంతం పాట, ప్రేమ పాట అయిపోయింది. జైలు సంగతి వినేవాళ్లు మర్చిపోయారు. 2014లో విశాల్ భరద్వాజ్ ‘హైదర్’లో అరిజిత్ సింగ్‌తో పాడించి, నిర్బంధంలోకి వెళ్లి కనపడకుండా పోయిన తండ్రి పాటగా పెట్టారు. పాడటంలో అరిజిత్‌ని మెహదీ హసన్‌తో పోల్చడం అనవసరం. కానీ పాటను తిరిగి కటకటాల దగ్గరికి తీసుకెళ్లింది కవరే.

పాప్ పాటలు, చట్టం

అచ్చమైన పాప్ పాటల విషయం త్వరగా తేలిపోతుంది. 1980లో ‘ఖుర్బానీ’ కోసం నాజియా హసన్ ‘ఆప్ జైసా కోయీ’ పాడినప్పుడు ఆమెకు 15 ఏళ్లు. బాణీ బిడ్డూది, మాటలు ఇందీవర్‌వి. ఫిలింఫేర్ ఉత్తమ గాయని అవార్డు వచ్చింది. 2000 ఆగస్టు 13న, 35 ఏళ్ల వయసులో ఆమె లండన్‌లో కన్నుమూశారు. 2022లో ‘యాన్ యాక్షన్ హీరో’ సినిమాలో ఈ పాటను మళ్లీ చేశారు. చప్పుడు ఎక్కువైంది. పాట నిలబడిందే ఆ స్కూలు పిల్ల గొంతులోని బెరుకు మీద, ఆ బెరుకు స్టూడియోలో తయారు చేసేది కాదు. ఇక హసన్ జహంగీర్ 1987లో ఊపేసిన ‘హవా హవా’. 2017లో ‘ముబారకాఁ’లో మీకా సింగ్ పాడినప్పుడు ‘మన పాట పాడుచేశారు’ అన్నవాళ్లకి, దాని బాణీ ఇరాన్ గాయకుడు కూరోష్ యగ్మాయీ పాట నుంచి వచ్చిందని తెలిస్తే ఏమనేవాళ్లో.

మన దేశ చట్టం దీని గురించి ఏం చెబుతుందో కూడా చూడాలి, పెళ్లిళ్లలో పాడి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు మన ఊళ్లలో ఎక్కువయ్యారు కాబట్టి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి 31సి సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక 5 ఏళ్లు గడిస్తేనే కవర్ రికార్డు చేయొచ్చు. ముందుగా హక్కుదారుకు నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలి. అట్ట మీద అది కవర్ అని రాయాలి, అసలు గాయకుడి పేరుతో జనాన్ని మోసం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, పాట మాటల్లోగానీ బాణీలోగానీ హక్కుదారు ఒప్పుకోని మార్పులు చేయకూడదు. మాట మార్చాలంటే అది కవర్ కిందకి రాదు, విడిగా లైసెన్సు తీసుకోవాలి. కవి రచనపై హక్కు ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది. ఖుస్రో కలామ్‌కు ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఆందోల్ కవి, మాస్కోలో గజల్

ఈ లెక్కలో మన కవి మఖ్దూమ్ మొహియుద్దీన్ మాటలపై హక్కు 2029 చివరి దాకా ఉంటుంది. ఆయన 1908లో అప్పటి మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు, 1969 ఆగస్టు 25న ఢిల్లీలో పోయారు. ‘చా చా చా’ సినిమాలో రఫీ, ఆశా పాడిన మల్లెపందిరి పాట, ‘బజార్’లో లతా, మన హైదరాబాదీ తలత్ అజీజ్ పాడిన పూల పాట ఆయనవే. ఎక్కువ తిరిగింది మాత్రం ‘ఆప్ కీ యాద్ ఆతీ రహీ రాత్ భర్’.

1978లో ముజఫ్ఫర్ అలీ తీసిన ‘గమన్’ కోసం జైదేవ్ దీనికి బాణీ కట్టారు. ఛాయా గంగూలీ పాడారు. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. ఊళ్లో బతుకుతెరువు లేక బొంబాయి వెళ్లి టాక్సీ నడుపుకునే మనిషి, ఊళ్లో ఎదురుచూసే భార్య, సినిమా కథంతా అదే. జిద్దా, దుబాయ్‌లో మగవాళ్లున్న మన ఇళ్లకి ఆ పాట ఎందుకు పడుతుందో చెప్పక్కర్లేదు. మఖ్దూమ్ రాసింది రాత్రంతా వచ్చే యాది గురించి. సినిమా దాన్ని మనియార్డర్ కోసం చూసే ఇంటికి తెచ్చి పెట్టింది, ఆయన మాటలతోనే.

అదే 1978లో ఫైజ్ మాస్కోలో ఉండి, మఖ్దూమ్ స్మృతిలో ఇంకో గజల్ రాశారు. మొదటి పాదం యథాతథంగా మఖ్దూమ్‌ది. రెండో పాదం నుంచి ఫైజ్ సొంతం. ఛందస్సు, రదీఫ్ అవే. ఇలా ఇంకొకరి ‘జమీన్’లో గజల్ చెప్పడం ఉర్దూలో పాత మర్యాద. ఫైజ్ పైన మఖ్దూమ్ పేరు రాసే పెట్టారు. అయినా ఫోన్లలో తిరిగే స్టేటస్‌లలో ఒకరి షేర్ కింద ఇంకొకరి పేరు ఉంటోంది. ఏది ఎవరిదో తెలుసుకోవడం తేలికే. రెండో పాదంలో కన్నీటి కళ్లు నవ్వుతుంటే అది మఖ్దూమ్, వెన్నెల మనసును నొప్పిస్తుంటే అది ఫైజ్. సినిమాలో ఛాయా గంగూలీ పాడింది కళ్లు నవ్వేదే.